రెండోసారి వచ్చే పిలుపు

ఫొటోగ్రఫీని పూర్తికాల వృత్తిగా చేసుకోవాలన్న ఆలోచనతో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలను ఒకచోట పెట్టి చదివినప్పుడు ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. కెమెరా గురించి అడిగినవారు చాలామంది, ధైర్యం గురించి అడిగినవారు కొందరు. డబ్బు ఇచ్చే మనిషి గురించి అడిగినవారు మాత్రం దాదాపు లేరు. ఈసారి ఎంచుకున్న ఐదు ఉత్తరాలకు సమాధానం రాసేటప్పుడు నేను తిరిగి తిరిగి ఆ మనిషి దగ్గరికే వెళ్లవలసి వచ్చింది. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నా వయసు 32. ఎనిమిదేళ్లుగా ఒక కార్యాలయంలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. ఆరేళ్ల క్రితం కెమెరా కొన్నప్పటి నుంచి సెలవు రోజున నేను ఇంట్లో ఉన్నది తక్కువ. పక్షులు, వీధులు, మనుషుల ముఖాలు, రాత్రి ఆకాశం అన్నీ తీస్తాను. ఇద్దరు స్నేహితుల పెళ్లిళ్లకు ఉచితంగా తీసిపెట్టాను. అందరూ మెచ్చుకున్నారు, ఇంత విద్య పెట్టుకుని ఆ ఉద్యోగంలో ఎందుకు మగ్గుతున్నావని అడిగారు. నా జీతం మీద ముగ్గురు ఆధారపడి ఉన్నారు. నా భార్య వద్దనడం లేదు, కానీ "ఎప్పుడు?" అని అడుగుతోంది. ఆమెకు ఏమని చెప్పాలి?

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట మీ భార్యగారిదే. ఆమె "వద్దు" అన్నా, "సరే" అన్నా మీకు ఆలోచించే పని తప్పేది. "ఎప్పుడు?" అన్నారు కనుక లెక్క వేయక తప్పదు. లెక్కలు మీకు వచ్చిన విద్యే.

ముందుగా స్నేహితుల మెప్పును పక్కన పెట్టండి. వారు అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. ఊరికే తీసిపెట్టిన ఫొటోకు వంక పెట్టే స్నేహితుడు ఉండడు. డబ్బు ఇచ్చినవాడు మాత్రం మేనత్తగారు ఒక్క ఫొటోలోనూ ఎందుకు లేరని అడుగుతాడు, ఆల్బమ్ చెప్పిన తేదీకి ఎందుకు రాలేదని అడుగుతాడు, తన ముఖం అంత నల్లగా ఎందుకు పడిందని అడుగుతాడు. ఇన్ని అడిగిన తర్వాత కూడా అతడే మిమ్మల్ని ఇంకో పనికి పిలిచాడా, లేదా తన తమ్ముడికి మీ నంబరు ఇచ్చాడా అన్నదే అసలైన పరీక్ష. మొదటి పని మీ ఫొటోలు నచ్చి రావచ్చు, బంధుత్వం వల్ల రావచ్చు, తక్కువకు చేస్తారని కూడా రావచ్చు. రెండో పిలుపు మాత్రం మీ నడత చూసి వస్తుంది: చెప్పిన వేళకు పావుగంట ముందే వచ్చి వెలుతురు చూసుకున్నారా, చెప్పిన తేదీకి ఫొటోలు ఇచ్చారా, తొందరలో ఉన్న మనుషులతో విసుక్కోకుండా మాట్లాడారా అన్నవన్నీ అందులోకి వస్తాయి.

అందుచేత ఉద్యోగంలో ఉంటూనే, సెలవు రోజుల్లో, డబ్బు తీసుకుని పనులు చేయడం మొదలుపెట్టండి. ఒక నోటు పుస్తకంలో ప్రతి పనికీ ఒక వరుస కేటాయించి, అది ఎవరి ద్వారా వచ్చింది, ఎంత ఇచ్చారు, ప్రయాణానికీ అద్దె లైట్లకూ సహాయకుడికీ ఎంత పోయింది, తీయడానికి ఎన్ని గంటలు పట్టింది, తర్వాత కంప్యూటర్ ముందు ఎన్ని గంటలు పట్టింది అని రాయండి. ఈ చివరి గడిని చాలామంది వదిలేస్తారు, మోసపోయేది అక్కడే. పన్నెండు నెలలు రాయండి. మూడు నెలలు చాలవు, ఎందుకంటే వేడుకల పని కొన్ని నెలల్లో కుప్పగా వచ్చిపడి మిగతా నెలల్లో మాయమవుతుంది. నిండిన నెలలు చూసి ఉద్యోగం మానేయడం వానాకాలపు చెరువును చూసి వేసవి పంటకు విత్తనాలు చల్లడం లాంటిది. ఏడాది చివర చూసుకున్నప్పుడు వచ్చిన పనుల్లో కనీసం సగం రెండో పిలుపులై, ఖర్చులు పోను మిగిలింది మీ ఇంటి ఖర్చుకు (మీ జీతానికి అనడం లేదు, గమనించండి) సరిపోయి, వీటికి తోడు ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా దాచి ఉంటే, ఆ రోజు మీ భార్యగారికి తేదీ చెప్పవచ్చు. సగం, ఆరు నెలలు అన్నవి శాస్త్రమేమీ కాదు. నేను పడిన ఇబ్బందుల నుంచీ, తోటివారు పడుతుండగా చూసిన ఇబ్బందుల నుంచీ తీసిన అంకెలు.

రేటు విషయంలో కొత్తవారు చేసే పొరపాటు ఒకటుంది. నెల జీతాన్ని 30తో భాగించి, అదే తమ రోజు రేటు అనుకుంటారు. ఏడాదికి 365 రోజులుంటే వారానికొక సెలవు తీసివేయగా 313 మిగులుతాయి. ఒక రోజు ఫొటోలు తీస్తే, వాటిని ఏరడానికి, రంగులు సరిచేయడానికి, ఆల్బమ్ పేజీలు కూర్చడానికి, ఫోన్లకు బదులు చెప్పడానికి, బాకీలు అడగడానికి కలిపి ఇంకో రెండు రోజులు పడతాయి. అంటే మీరు నిజంగా అమ్ముకోగలిగినవి సుమారు 100 రోజులు. ఇంటి ఖర్చు, సాఫ్ట్‌వేర్ చందాలు, బీమా, పన్ను, పరికరాల అరుగుదల కలిపిన మొత్తాన్ని ఆ 100తో భాగించండి. అరుగుదల అన్న మాట చూసి నవ్వుకోకండి. మధ్యశ్రేణి కెమెరాలలో, వెలుతురును క్షణకాలం లోపలికి వదిలే తెర అయిన మెకానికల్ షట్టర్‌ను లక్షన్నర నుంచి రెండు లక్షల క్లిక్కుల దాకా పనిచేసేలా తయారుచేస్తారు. ఒక పెళ్లికి 4,000 క్లిక్కులు వేసుకుంటే రెండు లక్షలకు వచ్చేవి 50 పెళ్లిళ్లు. అన్ని పెళ్లిళ్ల తర్వాత షట్టర్ మార్చడానికో కొత్త బాడీ (లెన్సు కాకుండా కెమెరా ఒక్కటే) కొనడానికో కావలసిన డబ్బు ఆ పెళ్లిళ్ల రేటులోనే ఉండాలి. లేకపోతే మీరు కెమెరాను కొద్దికొద్దిగా క్లయింట్లకు దానం చేస్తున్నట్టే లెక్క.

ఇక పక్షులు, రాత్రి ఆకాశం. వాటిని తీయడం మానవద్దు, కానీ వాటికి డబ్బు ఇచ్చేవారు ఎందరో వెతికి చూడండి, చేతివేళ్లు చాలు. మనుషుల ముఖాలకూ, వేడుకలకూ, వస్తువులకూ, భవనాలకూ, సంస్థల అవసరాలకూ ఇచ్చేవారు ఉన్నారు. మీ నాలుగు ఇష్టాలలో ముఖాలు ఉన్నాయి కనుక అక్కడి నుంచి మొదలుపెట్టమని నా సలహా. వెబ్‌సైట్‌లో నాలుగు రకాలూ కలిపి పెడితే, పెళ్లి కోసం వచ్చినవారికి మీరు పక్షుల మనిషిగానూ, పక్షుల కోసం వచ్చినవారికి పెళ్లిళ్ల మనిషిగానూ కనిపిస్తారు.

ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టడం చిన్నతనమని ఎవరైనా అంటే రాజా దీన్‌దయాళ్‌ను గుర్తు చేయండి. 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజా పనుల శాఖలో ఉద్యోగం చేస్తూ 1870లలో ఆయన కెమెరా చేతబట్టారు. దాదాపు పదేళ్ల పాటు రెండూ కలిసి నడిచాయి. పెద్దవారి ఆదరణ స్థిరపడుతున్న 1880ల మధ్యలో ముందు దీర్ఘకాలం సెలవు పెట్టి, ఆ తర్వాతే ఉద్యోగం వదిలారు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా చరిత్రలో నిలిచింది ఆ తర్వాతి మనిషే. దీనికి భిన్నంగా బ్రెజిల్‌లో పుట్టిన సెబాస్టియావో సల్గాడో, అంతర్జాతీయ కాఫీ సంస్థలో ఆర్థికవేత్తగా ఉన్న మంచి ఉద్యోగాన్ని 1973లో, 29 ఏళ్ల వయసులో వదిలేశారు. ఆయన మొదట పట్టినది భార్య కెమెరా. అయితే ఆయన అర్థశాస్త్రాన్ని వదలలేదన్నది నా అభిప్రాయం. శ్రామికుల మీద, వలసల మీద ఆయన దశాబ్దాల పాటు తీసిన ఫొటోలలో, శ్రమ ఎక్కడ పుట్టి సరుకై ఎక్కడికి పోతుందో తెలిసినవాడి చూపు ఉంది. మీ ఎనిమిదేళ్ల అకౌంట్స్ అనుభవమూ అలాగే వెంట వస్తుంది. వార్షిక నివేదికలకు, కర్మాగారాలకు ఫొటోలు కావలసిన సంస్థల భాష మీకు ముందే తెలుసు. బిల్లు సకాలంలో రాయడమెలాగో చాలామంది ఫొటోగ్రాఫర్లకు ఇప్పటికీ తెలియదు.

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. డిగ్రీ చివరి సంవత్సరం. ఫొటోగ్రఫీలోనే స్థిరపడాలని నిర్ణయించుకున్నాను. ఇప్పుడు నా దగ్గర పాత కెమెరా, దానితో వచ్చిన లెన్సు మాత్రమే ఉన్నాయి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరా లేనిదే ఎవరూ పని ఇవ్వరని సీనియర్లు అంటున్నారు. వాయిదాల మీద కొనమంటారా?

సమాధానం: వద్దు. పని రాకముందే వాయిదా మొదలైతే, వచ్చిన ప్రతి పనినీ ఎంతకైనా ఒప్పుకోవలసి వస్తుంది. అలా ఒప్పుకున్న రేటే మీ పేరుకు అంటుకుపోతుంది. పెద్ద పని వచ్చినప్పుడు మంచి బాడీ, లెన్సు అద్దెకు తెచ్చుకోండి. ఆ అద్దెను కొటేషన్‌లో కలపండి.

ఈలోగా మీ పాత కెమెరాతో ఒక స్టీలు గిన్నెను ఫొటో తీయండి. గిన్నెను బల్ల మీద, కిటికీ పక్కన పెట్టి తీస్తే మొదటి ఫొటోలో గిన్నె కనిపించదు, మీరు కనిపిస్తారు: మీ చొక్కా, ట్రైపాడ్ కాళ్లు, వెనకనున్న తలుపు, పైన ఫ్యాను రెక్కలు. స్టీలుకు తనదంటూ చెప్పుకోదగ్గ రంగు లేదు, చుట్టూ ఏముంటే అది చూపిస్తుంది. కాబట్టి దానికి వెలుగు పెట్టడమంటే దాని చుట్టూ ఉన్నదాన్ని మార్చడమే. కిటికీ వైపు ట్రేసింగ్ కాగితం తెరలా కట్టండి. గిన్నె ఒంటి మీద మెత్తటి వెలుగు పట్టీ పరుచుకుంటుంది. రెండో వైపు తెల్లటి అట్ట నిలబెడితే నీడ తేలికపడుతుంది. ఇప్పుడు ఇంకో చిక్కు వస్తుంది: అంతా తెల్లబడి గిన్నె అంచు వెనక గోడలో కలిసిపోతుంది. అప్పుడు ఫ్రేములోకి రాకుండా రెండు పక్కలా సన్నటి నల్ల అట్టముక్కలు నిలబెట్టండి. అంచు గీత గీసినట్టు పైకి తేలుతుంది. అట్టను అంగుళం దగ్గరికి జరిపితే గీత లావవుతుంది, దూరం జరిపితే సన్నబడుతుంది. ఒక సాయంత్రమంతా ఆ అట్టలు జరుపుతూ విసుగు లేకుండా కూర్చోగలిగితే, మీ చేతిలో ఏ కెమెరా ఉందన్నది తర్వాతి సంగతి. ఆ గిన్నె ఫొటోను వంటపాత్రలు అమ్మేవారికి చూపండి. కెమెరా పేరు అడిగే మొదటి వ్యక్తి ఎవరో నాకూ తెలుసుకోవాలని ఉంది.

ఎప్పుడైనా కొత్త కెమెరా కొనే రోజు వస్తే, రెండు మెమరీ కార్డులు పట్టేది కొనండి. ఈ పనిలో నా రెండో ఏట, ఒక కుటుంబ వేడుకలో తీసిన ఫొటోలన్నీ ఉన్న ఒకే ఒక్క కార్డు మర్నాడు ఉదయం కంప్యూటర్‌లో తెరుచుకోలేదు. రికవరీ చేయించగా సగం ఫొటోలు వచ్చాయి, సగం రాలేదు. రాని సగంలో ఆ ఇంటి పెద్దాయన మనుమరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకున్న ఘట్టం ఉంది. తీసుకున్న డబ్బు వెనక్కి ఇచ్చేశాను, వారు కోపపడలేదు, కానీ ఆ ఇంటి నుంచి నాకు మళ్లీ పిలుపు రాలేదు. అప్పటి నుంచి కెమెరా రెండు కార్డుల మీదా ఒకేసారి రాస్తుంది. ఇంటికి వచ్చాక కాళ్లు కడుక్కునే ముందే ఫొటోలు దించుతాను. ఎప్పుడూ మూడు ప్రతులు, కనీసం రెండు రకాల పరికరాల మీద, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలన్నది ఈ వృత్తిలో పాత నియమం. ఆ ఫైళ్లు క్లయింట్‌కు చేరి, చేరినట్టు వారు చెప్పేదాకా నేను కార్డు చెరపను.

ప్రశ్న: నేను ఇంటి నుంచే చిన్న వ్యాపారుల వస్తువులకు ఫొటోలు తీసి ఇస్తున్నాను. ఈమధ్య ఒక సంస్థకు 40 ఫొటోలు ఇచ్చాను. సగం డబ్బే ఇచ్చి, మిగతాది ఇవ్వాలంటే రా ఫైళ్లు (కెమెరా నుంచి వచ్చిన, ఇంకా సరిచేయని అసలు ఫైళ్లు) కూడా పంపాలంటున్నారు. ఫొటోల హక్కులన్నీ తమవేనని కూడా అంటున్నారు. మా మధ్య రాతపూర్వకంగా ఏమీ లేదు, అంతా ఫోన్‌లో మాట్లాడుకున్నదే. ఏం చేయను?

సమాధానం: జరిగినదాని విషయంలో మీ చేతిలో ఉన్నది తక్కువ, జరగబోయేదాని విషయంలో చాలా ఉంది. హక్కుల చట్టం అన్నిచోట్లా ఒకేలా లేదు. కొన్ని దేశాల్లో ఫొటో తీసినవారే హక్కుదారులు. మరికొన్ని దేశాల్లో, వేరే ఒప్పందం లేని పక్షంలో, డబ్బిచ్చి తీయించుకున్నవారికి హక్కు చెందుతుంది. రాత లేనప్పుడు చట్టం ఏ వైపు మొగ్గితే ఆ వైపే. మీ దగ్గర ఏ వైపు మొగ్గుతుందో ఒకసారి న్యాయవాదిని అడిగి తెలుసుకోండి; జీవితాంతం పనికివచ్చే సమాచారానికి ఒక్కసారి ఫీజు ఇస్తే పోయేదేమీ లేదు.

ఆ సంస్థకు ఈరోజే మర్యాదగా ఒక ఈమెయిల్ రాయండి. ఫోన్ చేయవద్దు. "మనం అనుకున్న ప్రకారం 40 ఫొటోలు ఫలానా తేదీన మీకు అందాయి. రా ఫైళ్లు మన మాటల్లో లేవు. అవి కావాలంటే దానికి విడిగా రేటు పంపగలను. మిగిలిన మొత్తం ఫలానా తేదీలోగా పంపగలరని కోరుతున్నాను" అన్నంత వరకు చాలు. కోపం, సంజాయిషీ రెండూ వద్దు. బదులుగా వారు ఏం రాసినా, ఇన్నాళ్లూ గాలిలో ఉన్న మాట కాగితం మీదికి వస్తుంది.

రా ఫైలు విషయంలో నా పద్ధతి కాస్త కఠినం: ఇవ్వను. అది ఫిల్ము రోజుల్లోని నెగెటివ్ లాంటిది, వండకముందు కడిగిపెట్టిన కూరగాయ లాంటిది. ఎవరో దాన్ని ఎడాపెడా రంగులు మార్చి వాడితే కింద ఉండేది మీ పేరే. తప్పనిసరి అయితే ముందే చెప్పి, పెద్ద రేటుకు, రాసుకుని ఇవ్వండి.

ఇకపై పని మొదలుపెట్టే ముందు ఒక్క పేజీ పంపండి. ఎన్ని ఫొటోలు, ఎక్కడ వాడుకోవచ్చు (వెబ్‌సైట్ వరకేనా, హోర్డింగులకు కూడానా), ఎంత కాలం, ఎన్నిసార్లు మార్పులు చేసి ఇస్తారు, తేదీ, అడ్వాన్సు ఎంత అన్నవి అందులో ఉండాలి. సగం అడ్వాన్సు చేతికి వచ్చాకే లైట్లు బయటికి తీయండి. పని అయ్యాక చిన్న సైజులో, మీ పేరు అడ్డంగా అచ్చయిన నమూనాలు పంపి, మిగతా డబ్బు అందాకే పెద్ద ఫైళ్లు ఇవ్వండి. ఇలా అడిగితే క్లయింట్లు పారిపోతారని భయపడతారు. కొందరు పారిపోతారు. వారిలో ఎక్కువమంది, ఇప్పుడు మీరు చెప్పిన సంస్థలాంటివారే.

ప్రశ్న: ఇప్పుడు ప్రతి ఒక్కరి ఫోన్‌లోనూ మంచి కెమెరా ఉంది, కృత్రిమ మేధ మాటల్లో చెబితే బొమ్మ గీసి ఇస్తోంది. ఇలాంటి సమయంలో ఈ వృత్తిలోకి రావడం తెలివితక్కువ పని కాదా?

సమాధానం: ఏ ఫొటో కావాలన్నదాన్ని బట్టి ఉంటుంది. "చిరునవ్వుతో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న యువతి" వంటి, ఎవరిదైనా సరిపోయే ఫొటోలను స్టాక్ సైట్లలో (ముందే తీసిపెట్టిన ఫొటోలను ఎవరికైనా అమ్మే వెబ్‌సైట్లలో) అమ్ముకుని బతకాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఆ పని చేజారుతోంది. ఈ మనిషి, ఈ రోజు, ఈ చోట ఇలా ఉన్నాడని చూపవలసిన ఫొటోను ఎవరూ ఊహించి గీయలేరు. మీ తాతగారి ఎనభయ్యో పుట్టినరోజుకు యంత్రం గీసిన తాతగారి బొమ్మ మీకు ఏ పనికి వస్తుంది? ఫోను సంగతికొస్తే, వేడుక జరిగే ఇంట్లో ఫోన్లు యాభై ఉన్నా అందరూ ఉన్న ఫొటో ఒక్కటీ ఉండదు. తీసేవారు అందులో ఉండరు కనుక. బయటి మనిషిని పిలిచేది అందుకే.

ప్రశ్న: మూడేళ్లుగా పూర్తికాలం ఇదే పని చేస్తున్నాను. ఆదాయానికి లోటు లేదు. కానీ సెలవు దొరికితే కెమెరా ముట్టబుద్ధి కావడం లేదు. ఒకప్పుడు తెల్లవారుజామున మంచులో గంటలు గంటలు నిలబడేవాడిని. ఇష్టాన్ని అమ్ముకుని తప్పు చేశానా?

సమాధానం: తప్పు చేయలేదు, కానీ ఈ వృత్తిలోకి రావాలనుకునే ప్రతి ఒక్కరూ ముందుగా చదవవలసిన ఉత్తరం మీదే.

ఇష్టాన్ని వృత్తి చేసుకోకపోవడమూ ఒక దారే. వివియన్ మేయర్ దాదాపు 40 ఏళ్లు పిల్లల ఆయాగా పనిచేస్తూ, ఎక్కువగా షికాగో వీధుల్లో, లక్షకు పైగా ఫొటోలు తీశారు. వాటిని అమ్మలేదు, ఎన్నో రీళ్లను కడిగించను కూడా లేదు. అద్దె కట్టని గోదాములోని ఆమె సామాను 2007లో వేలానికి వచ్చినప్పుడు అవి బయటపడ్డాయి. 2009లో ఆమె కన్నుమూసిన తర్వాతే లోకం ఆమెను గొప్ప ఫొటోగ్రాఫర్ అంది. ఆ జీవితం హాయిగా గడిచిందని నేను చెప్పను, ఒంటరితనమూ లేమీ అందులో చాలా ఉన్నాయి. కానీ ఆమె ఎప్పుడు క్లిక్ చేయాలో చెప్పే క్లయింట్ ఎవరూ ఆమెకు లేరు. రెండో పక్క, కొండలూ లోయల ఫొటోలతో పేరుపొందిన ఆన్సెల్ ఆడమ్స్ దశాబ్దాల పాటు కంపెనీల కోసం, ప్రకటనల కోసం, కేటలాగుల కోసం పనిచేసి ఇల్లు గడుపుకున్నారు. బయటి నుంచి వచ్చే పని, లోపలి నుంచి వచ్చే పని అని ఆయన తన పనిని రెండుగా చూసేవారు. రెండోదానికి కాలం మిగల్చడం కోసమే మొదటిదాన్ని నిర్వహించారు.

మీరు పనులు రాసుకునే పుస్తకంలో ఇప్పుడు మొదటి రకమే ఉందని నా అనుమానం. మూడేళ్లలో మీరు ఒక్క పని కూడా కాదనలేదనీ అనుకుంటున్నాను, ఎందుకంటే ఖాళీ నెలల భయం తీరడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. ఆదాయానికి లోటు లేదన్నారు కనుక వచ్చే నెలలో రెండు రోజులు, క్లయింట్ పనికి రాసినట్టే, మీ సొంత పేరు మీద పుస్తకంలో రాసుకోండి. ఆ తేదీలకు ఎవరు అడిగినా వేరే పని ఉందని చెప్పండి, అబద్ధం కాదు. ఆ రోజు వృత్తికి వాడే కెమెరాను ఇంట్లో ఉంచి, ఒకే లెన్సు ఉన్న పాతదేదైనా తీసుకెళ్లండి. తీసిన ఫొటోలను ఎవరికీ పంపవద్దు, ఎక్కడా పెట్టవద్దు, ఆరు నెలలు అలాగే ఉండనివ్వండి. ఆ తర్వాత మళ్లీ ఉత్తరం రాయండి. ఫొటోలు మాత్రం నాక్కూడా పంపకండి.